నంద్యాలలో మావారి మహలు

ఎక్కడ ఇళ్ల మాట వచ్చినా మావారు "నాకు నంద్యాలలో ఒక మహలుంది" అనేవారు. కొత్తవాళ్లు నిజమేననుకుని ఎన్ని గదులండీ అని అడిగేవారు. "ఒకటే గది, తలుపుల్లేవు" అని ఈయన ముసిముసిగా నవ్వేవారు. వంటింట్లోంచి వింటూ నేను పళ్లు కొరుక్కునేదాన్ని. తరవాత వచ్చే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు మరి.

మహలంటే తైలవర్ణ చిత్రం. పెళ్లికి ముందు ఏడాదిన్నర పాటు ఆయన నంద్యాలలో పంటల పరిశోధన చేసేచోట తాత్కాలిక ఉద్యోగం చేశారు. పత్తి పురుగులకీ, వరి తెగుళ్లకీ బొమ్మలు గీసివ్వడం పని. ఆ రోజుల్లో తాను టీ తాగే హోటలు గోడ కోసం నాలుగడుగుల గుడ్డ మీద ఒక మహలు లోపలి భాగం వేశారు. ఎప్పుడో స్పెయిన్ దేశాన్ని ఏలిన మూర్లు అనే ముస్లిం రాజులు కట్టుకున్న మహలట అది. ఆయన జన్మలో వేసిన ఆయిల్ పెయింటింగు అదొక్కటే.

పెళ్లయిన మొదటి వేసవిలో "నంద్యాలలో కాస్త పని మిగిలిపోయింది, వారంలో చూసుకుని వస్తాను" అన్నారు. నాకు మూడో నెల. మంచినీళ్లు తాగినా ఇమడ్డం లేదు. మంచం కింద ఆయన రంగుల పెట్టె, అందులో టర్పెంటైన్ సీసా. ఆ వాసనకి కడుపులో దేవేది. "ఆ పెట్టె నా కళ్లబడనీయకండి, మీరు ఎక్కడికీ వెళ్లనూ వద్దు" అని అరిచాను. ఆయన మారు మాట్లాడకుండా పెట్టెను అటకెక్కించేశారు. మళ్లీ దించలేదు. తాలూకాఫీసులో రిటైరయ్యేదాకా, ఆ తరవాతా కుంచె పట్టలేదు. ఎందుకు మానేశారండీ అని ఎవరడిగినా ఒకటే జవాబు. "మా ఆవిడకి ఆ వాసన పడదు."

నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ ముప్పై నాలుగేళ్ల పాటు ఆ ఒక్క మాటా నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఒక మనిషి చేతిని నేను ఆపేశాను. పోయిన ఏడాది ఆయన వెళ్లిపోయారు. నేను ఆపేసింది ఏమిటో ఒక్కసారి కళ్లారా చూడాలి, ఇస్తే ఇంటికి తెచ్చుకోవాలి అనిపించింది. ఒక పాత దుప్పటీ, నైలాన్ తాడూ సంచిలో పెట్టుకుని సామర్లకోటలో రైలెక్కాను. ఆ హోటలు ఇంకా ఉందో లేదో కనుక్కోకుండా వెళ్తావేమిటమ్మా అంది మా అమ్మాయి. కనుక్కుంటే లేదంటారేమోనని నా భయం. అది దానికి చెప్పలేదు.

గిద్దలూరు దాటాక

మా గోదావరి వైపు రైలు కిటికీలోంచి చూస్తే నేల బల్లపరుపుగా ఉంటుంది, ఎంత దూరం చూసినా చేలే. గిద్దలూరు దాటాక అలా కాదు. నల్లమల కొండలు రెండు వైపులా దగ్గరికి జరిగి, రైలు అడవిలోకి దూరుతుంది. సొరంగం వచ్చినప్పుడు బోగీలో పిల్లలంతా కేకలు పెట్టారు. నాకూ ఒక కేక పెట్టాలనిపించింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరమ్మనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

అడవి మధ్య ఒక చిన్న స్టేషన్లో ఒకావిడ సీతాఫలాల బుట్టతో ఎక్కింది. కొండ మీది చెంచు గూడెం మనిషట. డజను వంద రూపాయలంది. మా ఊళ్లో ఆ డబ్బుకి ఆరు రావు. అయినా అలవాటు చొప్పున లెక్కపెట్టాను, పదకొండే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, బాగా పండి పగిలిన కాయ ఒకటి తీసి నా ఒళ్లో పెట్టి, ఇది ఇప్పుడే తిను, తక్కినవి రేపటికి అంది. అంత తియ్యటి పండు నేనెప్పుడూ తినలేదు. కోపంతో ఇచ్చిందో, అభిమానంతో ఇచ్చిందో మాత్రం తేల్చుకోలేకపోయాను. ఆ సీమలో ఉన్న మూడు రోజులూ నాకు ఇదే తంతు.

నంద్యాల: ఉగ్గాని, మిరపకాయ బజ్జి

స్టేషన్ బయట ఆటో అతన్ని మస్తాన్ హోటలుకి వస్తారా అండీ అని అడిగాను. అండీ అన్నందుకే నవ్వొచ్చినట్టుంది అతనికి. రోడ్డు వెడల్పు చేసినప్పుడే ఆ హోటలు పోయిందని, మస్తాన్ సాయిబు కూడా ఎప్పుడో పోయాడని, ఆయన కూతురు పక్క సందులో ఉగ్గాని అమ్ముతుందని వరసగా చెప్పేశాడు. నా మొహం చూసి, "ఆయమ్మకు అన్నీ తెలుసులేమ్మా. ఆడ దింపుతా, ఎక్కు" అన్నాడు.

ఆమె పేరు ఖైరూన్. యాభైకి దగ్గరలో ఉంటుంది, కొంగు నడుముకి బిగించి పెద్ద మూకుడు ముందు నిలబడి ఉంది. ఫలానా ఆయన భార్యనని చెప్పగానే గరిటె ఆగిపోయింది.

"వాసన పడని అక్కవి నువ్వేనా?"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నా అపకీర్తి నంద్యాల దాకా పాకిందని నాకేం తెలుసు! ఆ రోజుల్లో మావారి ఆఫీసు నుంచి పని మీద వచ్చినతను చెప్పాడట, ఇంటామెకు రంగుల వాసన పడదు కాబట్టి ఆయన రాలేడట అని. మావారు లేరని చెప్పాను. ఖైరూన్ మూకుడు కింద మంట తగ్గించింది. నా భుజం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, ముందు తినమని ప్లేటు పెట్టింది.

ఉగ్గాని అంటే తెలియనివాళ్లకి చెబుతాను. మనం మరమరాలంటాం, వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ తాలింపులో తిప్పి, పుట్నాల పొడి చల్లి నిమ్మరసం పిండుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై. మన వైపు బజ్జీ మిరపకాయ చూడ్డానికే కాయ, కారం ఉండదు. అలా అనుకుని సగం కొరికాను. కళ్లలోంచీ ముక్కులోంచీ కారిపోతుంటే, పక్క బల్ల మీది పెద్దాయన తన మజ్జిగ గ్లాసు నా ముందుకు తోసి, ఏమీ జరగనట్టు పేపరు చదువుకున్నాడు.

గిరాకీ తగ్గాక ఖైరూన్ కథంతా చెప్పింది. వాళ్ల మేనమామ కువైట్ నుంచి ఖర్జూరాల డబ్బా తెచ్చాడు. దాని మూత మీద ఆ మహలు బొమ్మ ఉండేది, అరచేయంత. రోజంతా పురుగుల బొమ్మలు వేసే పిల్లవాడు టీకి వస్తున్నాడు కదా అని మస్తాన్ సాయిబు ఆ మూత చూపించి, నా గోడకు ఇది వేసి పెట్టు అన్నాడట. బదులుగా ఏడాదిన్నర చాయ్, బన్ను ఉచితం. ఖైరూన్‌కి అప్పుడు పన్నెండేళ్లు. మావారు గుడ్డ మీద కమానులు గీస్తుంటే వెనక నిలబడి చూసేదట. నీటి తొట్టి వేస్తున్నప్పుడు వాళ్ల నాయన అడ్డం పడ్డాడు. అంత పెద్ద మహల్లో చాయ్ లేకపోతే ఎట్ల అన్నాడు. మావారు ఎదురు చెప్పకుండా తొట్టి గట్టు మీద గాజు గ్లాసులో టీ వేశారట.

అంతా అయ్యాక కుడివైపు ఒక మూల మిగిలిపోయింది. పెళ్లయ్యాక వచ్చి పూర్తి చేస్తానని వెళ్లారు. మస్తాన్ సాయిబు ఆ ఖాళీ మూల మీద ఒక క్యాలెండరు తగిలించి ఎదురుచూశాడు. ఏడాది అయ్యాక కొత్త క్యాలెండరు వేశాడు. అలా ఎన్ని క్యాలెండర్లు మారాయో ఖైరూన్‌కి లెక్క లేదు.

ప్లేటు పక్కకి జరిపేసి, బొమ్మ ఎక్కడుందని అడిగాను.

బొమ్మ ఇప్పుడు తన దగ్గర లేదంది. సాయిబు సొంతూరు శిరివెళ్ల అవతల ఒక పల్లె. అక్కడ మొహర్రం పండక్కి పీర్లు నిలబెట్టే చావిడికి ఒక రాతి కిటికీ చేయిస్తానని మొక్కుకుని, ఆ బొమ్మలో ఉన్నట్టే చిల్లుల అల్లిక జాలీ కావాలని, ఆళ్లగడ్డ శిల్పి ఓబులాచారికి బొమ్మే తీసుకెళ్లి ఇచ్చాడు. కిటికీ చావిడికి చేరింది. సాయిబు జబ్బున పడ్డాడు. బొమ్మ ఆళ్లగడ్డలోనే ఉండిపోయింది.

"రేపు మధ్యాన్నానికి అంగడి మూస్తా, ఇద్దరం పోదాం" అంది ఖైరూన్. "నువ్వొక్కదానివే పోతే ఆయప్ప ఇయ్యడు. తెచ్చినోళ్ల చేతికే ఇస్తాడు."

లాడ్జికి వెళ్తానంటే ఒప్పుకోలేదు. వాళ్లింట్లో నేలంతా నల్లటి నాపరాయి. మన వైపు మొజాయిక్ మీద ఎండాకాలం కాలు పెట్టలేం, ఆ రాయి మాత్రం చల్లగా ఉంది. చాప చాలన్నాను. మంచం వేసింది.

శిరివెళ్ల దాటి, ఒక పల్లె

మర్నాడు ఎర్రబస్సులో బయల్దేరాం, దారిలో ముందు వాళ్ల నాయన ఊరి చావిడి చూసి పోదామంది ఖైరూన్. కుందూ నది పక్కన వరి, కాస్త దూరం పోగానే పత్తి, మిరప. నేల నల్లగా మెరుస్తోంది. ముందురోజు వాన పడిందట. బస్సు దిగి పది అడుగులు వేశానో లేదో, ఆ నల్లరేగడి నా చెప్పుని పట్టుకుని వదల్లేదు. లాగితే కాలు వచ్చింది, చెప్పు అక్కడే ఉండిపోయింది, పట్టీ తెగి. విసుక్కుంటూ రెండోదీ విప్పి చేత్తో పట్టుకున్నాను. చూస్తే ఖైరూన్ కూడా తన చెప్పులు విప్పేసి సంచిలో వేసుకుంటోంది. నీకేమైంది అన్నాను. నువ్వు ఉత్తకాళ్లతో నడుస్తాంటే నేనెట్ల ఏసుకుంటానక్కా అంది. నాకొక చెల్లెలుంది. అది ఇలా చెయ్యదు.

చావిడి ఊరి మధ్య ఉంది. తాళంచెవి ఒక రైతు ఇంట్లో ఉంటుంది. వాళ్లు హిందువులే. పీర్లు నిలబెట్టేది సాయిబులైతే తాళంచెవి ఉండేది రెడ్ల ఇంట్లో, పద్ధతి అంతేనట. మా ఊళ్లో ఇలాంటిది నేనెరగను. ఆ ఇంటావిడ తాళంతో పాటు చెంబుడు మజ్జిగ కూడా తెచ్చింది. ఇంత ఎండలో నడిచొచ్చిన ఆడవాళ్లని ముందు కూర్చోమనకుండా చావిడి చూపిస్తారా అని తనని తానే కోప్పడింది.

కిటికీ ఒకటి కాదు, రెండు. చావిడి మూలకి అటొకటి, ఇటొకటి. రాతిని తొలిచి చేసిన జాలీ, అంతా ఎనిమిది కోణాల నక్షత్రాలు. ఉద్యోగపు బుద్ధి పోదు కదా, లెక్కపెట్టాను. విచిత్రం ఏమిటంటే మూల దగ్గర నక్షత్రం తెగిపోలేదు. సగం ఈ గోడ మీద, సగం ఆ గోడ మీద, పుస్తకం మడిచినట్టు సరిగ్గా మడుచుకుంది. ఎదురుగా ఎండ పడుతోంది. నేల మీద, మజ్జిగ చెంబు మీద, ఖైరూన్ బురద పాదాల మీద నక్షత్రాలు. పండగప్పుడు లోపల దీపాలు పెడితే ఆ చుక్కలన్నీ వీధిలో పడతాయని, చిన్నపిల్లలు వాటి మీద గెంతుతారని ఆ ఇంటావిడ చెప్పింది.

రాయి మీద చెయ్యి పెట్టాను. మావారు ఈ ఊరు ఎప్పుడూ రాలేదు. ఆయన గీత వచ్చింది. గర్వంగా అనిపించింది, అదీ ఒక్క క్షణమే. ఒక మూల వదిలేసిన బొమ్మలోంచే ఇంత వస్తే, పూర్తిగా వేయనిచ్చి ఉంటే? ఆ పెట్టె దించి ఉంటే? కూతురు పుట్టాకైనా, వాసన పడ్డాకైనా, మళ్లీ వెయ్యండి అని నేనెందుకు అనలేదు? ఖైరూన్ నా మొహం చూసి, పోదాం పా అక్కా, బస్సు పోతాది అంది.

ఆళ్లగడ్డ: తిరగేసిన రాళ్లు

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు వరసగా ఉంటాయి. మొహం ఇంకా రాని ఆంజనేయులు, వీపు మాత్రమే పూర్తయిన నంది, కళ్లజోడు పెట్టుకున్న ఎవరో నాయకుడు, అందరూ ఒకే దుమ్ములో నిలబడి ఉంటారు. ఉలి చప్పుడు వింటానని ఎదురుచూశాను. వినిపించింది రాయి కోసే మిషన్ల రొద. ఉలి ఆఖర్న పడుతుందట.

ఓబులాచారికి డెబ్బై దాటాయి. కనుబొమల నిండా రాతిపొడి. ఖైరూన్‌ని చూసి, ఏందిమే, ఇన్నాళ్లకు దారి తెలిసిందా అన్నారు. నేనెవరో ఆమె చెప్పింది. ఆయన ఏడి మరి అని అడిగారు నన్ను. పోయిన ఏడాది పోయారని చెప్పాను. ఆచారి మిషను ఆపించారు. లోపలికి వెళ్లి చేతులూ మొహమూ కడుక్కుని, మాకు జొన్నరొట్టెలు పెట్టమని ఇంట్లోవాళ్లకి కేకేశారు. రొట్టెలోకి పప్పు, వేరుశనగ గింజలు నూరి చేసిన ఊరిబిండి వచ్చాయి. మేం తిన్నాకే లోపలి గదిలోంచి బొమ్మ తెచ్చారు, దుమ్ము పడకుండా గోనెపట్టాలో చుట్టి ఉంది.

మహలు చూశాను.

గుర్రపు నాడా లాంటి కమానులు ఒకదాని వెనక ఒకటి. చెరుకుగడలంత సన్నటి స్తంభాలు. గోడ కింది భాగం నీలం, పచ్చ పలకలు. హోటలు పొగకి అన్ని రంగులూ టీ రంగులోకి దిగాయి. మధ్యలో నీటి తొట్టి, గట్టు మీద మస్తాన్ సాయిబు టీ గ్లాసు, పైన సన్నగా ఆవిరి కూడా వేశారు. స్పెయిన్ రాజుల మహల్లో నేల మాత్రం నంద్యాల నాపరాయి. చూడని నేలని ఎలా వేస్తారు పాపం, కాళ్ల కింద ఉన్నదే వేశారు. ఎడమ చివర స్తంభం పక్క నుంచి జాలీ మొదలై కుడివైపు గోడల మూల దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. జానెడు మేర రంగు లేదు, ఉత్త పెన్సిలు గీతలు.

ఆ మూల చూడగానే ఏడుపు ఆగలేదు. ఎవరున్నారని చూడలేదు. "ఇది నా వల్లే ఆగిపోయిందండీ" అన్నాను.

"ఎవరు చెప్పినారు?" అన్నారు ఆచారి.

వాసన సంగతి, అటక సంగతి అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని, బొమ్మని వెలుతురుకి పక్కవాటుగా వంచి, ఖాళీ మూల దగ్గర వేలు పెట్టారు. రంగు గీకేసిన గుర్తులు. ఒకచోట పెన్సిలు అదిమి అదిమి గుడ్డకి చిల్లు పడింది.

"చూడమ్మా. మూడు తూర్లు ఏసినాడు, మూడు తూర్లు గీకినాడు. నువ్వు అరిచింది పెండ్లయినాక కదా? ఇదంతా ఈడ ఉన్నప్పటి పనే. నువ్వు ఆపలేదు. ఆయనకే లెక్క తప్పింది."

ఎడమ చివర నుంచి నిండు నక్షత్రంతో మొదలుపెట్టి వరసగా వేసుకుంటూ వచ్చారు మావారు, మనం కాగితం మీద రాసినట్టే. మూలకి వచ్చేసరికి ఏడో నక్షత్రం ముప్పాతిక దగ్గర గోడ అయిపోయింది. ముప్పాతిక ఇటుంటే పాతికే అటు. అది మడుచుకోదు, కుంటుతుంది. డబ్బా మూత మీద చూసుకుందామంటే సరిగ్గా ఆ మూలే తుప్పు పట్టి పోయిందని ఖైరూన్ అందించింది. ఆ తుప్పు గురించి వాళ్ల నాయనని మావారు ఎన్నోసార్లు అడిగారట, ఇంకో మూత దొరుకుతుందా అని.

ఆచారి కూడా రాయి ముందు పెట్టుకుని రెండు నెలలు తంటాలు పడ్డారట. ఒక పలక పాడైంది. ఏం చేశారు దాన్ని అని అడిగాను. "చెడిన రాయిని మేం దాయం. తిరగేసి మెట్టుకు ఏస్తాం. నలుగురూ తొక్కితే పనికొస్తాది. నువ్వు కూర్చున్నది అదే." నేను ఉలిక్కిపడి లేచాను. కూర్చో కూర్చో అని నవ్వారు.

కళ్లు తుడుచుకుని, ఒక సుద్దముక్క ఇమ్మన్నాను. బొమ్మ మీద గోడని జానతో, బెత్తెతో కొలుచుకుని నేల మీద గీశాను. ఆరు ముప్పాతిక నక్షత్రాల గోడ. మూల దగ్గర కచ్చితంగా సగం ఉండాలి. అంటే అక్కడే మొదలుపెట్టాలి, మూల నుంచి. సగం, ఆ తరవాత ఆరు నిండువి. మిగిలేది పాతిక. ఆ పాతిక ఎడమ చివర వస్తుంది. అక్కడ స్తంభం ఉండనే ఉంది, తక్కిన ముప్పాతిక దాని వెనక ఉన్నట్టే అనిపిస్తుంది. తెగిందని ఎవరికీ తెలియదు.

తలెత్తి చూస్తే ఆచారి నోరు తెరుచుకుని ఉన్నారు. "అదే, అదే. మూల నుంచి రావాల. నాకు రెండు నెలలు పట్టింది, నీకు అరగంట పట్టలే. ఏం చేస్తాంటివి నువ్వు?"

లెక్కల టీచర్నని చెప్పాను. పెళ్లినాటికే లెక్కల్లో డిగ్రీ ఉందనీ చెప్పాను.

"ఇంట్లో లెక్కలమ్మను పెట్టుకోని అడగల్యా?"

"మొగోళ్లు యాడ అడుగుతారు చిన్నాయనా" అంది ఖైరూన్.

ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వుతుండగా నాకు ఒళ్లు మండింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముప్పై నాలుగేళ్లు నన్ను మద్దెల చేసి వాయించారు ఈ మనిషి! చుట్టాల్లో, ఆఫీసులో, నంద్యాల హోటల్లో కూడానూ! ఎదురుగా ఉంటే ఆ రోజు దులిపేసేదాన్ని. లేరు. ఆ తరవాత వచ్చింది అసలు ఏడుపు. ఆ మొదటి వేసవిలో ఆయన వారం రోజులు వెళ్తానన్నది ఇంకోసారి ప్రయత్నిద్దామనే కదా. నేను వద్దని అరిచినప్పుడు ఆయన మారు మాట్లాడకపోవడం మంచితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. హమ్మయ్య, ఒక సాకు దొరికింది అనుకుని ఉంటారు. పాపం, ఆ హమ్మయ్య కూడా ఒంటరిగానే అనుకుని ఉంటారు.

అరిచింది అరిచానే. అది పోదు. కానీ ఆయన చేతిని ఆపింది నేను కాదు. ఆ మాట ఆళ్లగడ్డలో, తిరగేసిన రాయి మీద కూర్చుని మొదటిసారి నమ్మాను.

తన మనవరాలు విగ్రహాలకి రంగులు బాగా వేస్తుందని, కావాలంటే మూల సరిచేయిస్తానని ఆచారి అన్నారు. అయితే ఎడమ నుంచి అన్నీ చెరపాలి, మీ ఆయన చెయ్యి మిగలదు అని కూడా ఉన్నమాట చెప్పారు. వద్దన్నాను. ఆచారి ఆ బొమ్మని ఖైరూన్ చేతుల్లో పెట్టారు. ఖైరూన్ ఒక్క క్షణం దాన్ని గుండెలకి ఆనించుకుంది. టీ గ్లాసు బొమ్మని కొంగుతో తుడిచి, నా చేతుల్లో పెట్టింది.

తిరుగు బస్సు

బస్సులో నాలుగడుగుల బొమ్మకి చోటెక్కడ? టాపు మీద వేయమన్నాడు కండక్టరు. ఖైరూన్ అతన్ని ఏమందో ఇక్కడ రాయను. చివరికి వెనక సీట్లో నిలబెట్టి, మిరపచేలో పనికి వెళ్లొస్తున్న ఇద్దరాడవాళ్లు చెరో పక్కా పట్టుకున్నారు. దుప్పటి తొలగించి చూసి, ఎవరి ఇల్లు ఇది అని అడిగింది ఒకామె. మా ఆయనది అన్నాను. నేల మా ఇంట్లో మాదిరే ఉండాదే అంది. వాళ్ల ఊరొచ్చినా మా కోసం ఇంకో స్టాపు దాకా కూర్చుని, వెనక్కి నడిచిపోయారు.

నంద్యాల స్టేషన్లో ఖైరూన్ ఉగ్గాని పొట్లం ఇచ్చింది, బజ్జీలు మాత్రం వద్దులే అక్కా అంటూ. రైలు కదిలేదాకా కిటికీ ఊచ మీద నా చేతిని పట్టుకునే ఉంది.

ఇప్పుడు మహలు మా హాల్లో ఉంది. చూడొచ్చినవాళ్లందరూ ఆ మూలేమిటండీ అలా వదిలేశారు అని అడుగుతారు. అక్కడ మావారికి లెక్క తప్పిందని చెబుతాను. వాళ్లు ఇబ్బందిగా నవ్వి, మాట మార్చేస్తారు. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు కాఫీ గ్లాసుతో దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గుడ్డకి చిల్లు పడినచోటు చూస్తే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు కనబడతాడు, చెమటలు పట్టి, ఎవరితోనూ చెప్పుకోలేక, మూడోసారి గీకేస్తూ. వాడిని అప్పటికి నేనెరగను. కానీ ఆ తరవాత ముప్పై నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం కదా. ఏదో ఒక రాత్రి, ఏదో ఒక ఆదివారం, ఒక్క మాట. "అడగాల్సిందండీ" అంటాను, పైకే అంటాను. "అరగంట పని."